బడ్జెట్ విమానంలో మాంచెస్టర్: ధర కన్నా ముందు చూడాల్సింది ఇంకొకటుంది

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. చెల్లెలు మాంచెస్టర్‌లో, ఇప్పుడు ఏడో నెల. ఒంగోలులో ఉన్న అమ్మానాన్నలను డ్యూ డేట్‌కి పది రోజుల ముందు పంపాలని అనుకుంటున్నాం. ముంబై మీదుగా ఒక బడ్జెట్ ఎయిర్‌లైన్‌లో అయితే, గల్ఫ్ మీదుగా వెళ్లే పెద్ద ఎయిర్‌లైన్ కన్నా మనిషికి 17 వేలు తక్కువ చూపిస్తోంది. అంత దూరం బడ్జెట్ విమానంలో పెద్దవాళ్లను పంపొచ్చా? ఈ చవక రేట్లు నిలుస్తాయా? బెంగళూరు నుంచి నేరుగా ఇలాంటివి ఎప్పుడొస్తాయి?

సమాధానం:

అన్నీ రాశారు గానీ, ఆ చవక ఫ్లైట్ వారానికి ఎన్ని రోజులుందో రాయలేదు. నేనైతే ధర చూడకముందే అది చూస్తాను. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక నుంచి రావాలి. ఈ రంగంలో 24 ఏళ్లు పనిచేశాను. మొదట చెన్నై మీనంబాక్కంలో కౌంటర్ దగ్గర, ఆ తర్వాత బెంగళూరులో, ఏ ఊరికి ఏ విమానం పెడితే గిట్టుబాటవుతుందో లెక్కలేసే పనిలో. కాబట్టి జవాబు కొంచెం పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

బడ్జెట్ టికెట్ ఎందుకు చవక అంటే చాలామంది "భోజనం పెట్టరు కదా" అంటారు. ఒక ఉప్మా డబ్బాలో మిగిలేదెంత? అసలు పొదుపంతా విమానం నేల మీద నిలబడే టైములో ఉంది. ఈసారి దేవనహళ్లి ఎయిర్‌పోర్టుకి వెళ్లినప్పుడు గేటు దగ్గర ఫోన్ పక్కన పెట్టి, ఒక ఏ320 విమానం వచ్చి ఆగడం చూడండి. చక్రాలకు చాక్స్, అంటే అడ్డుదిమ్మలు, పెట్టీ పెట్టకముందే ముందొకటి, వెనకొకటి మెట్లు వచ్చి ఆనుకుంటాయి. చివరి ప్రయాణికుడు ఇంకా దిగుతూనే ఉంటాడు, లోపల ఎయిర్‌హోస్టెస్‌లే గ్లవ్స్ తొడుక్కుని సీటు జేబుల్లోంచి చెత్త ఏరేస్తుంటారు. కింద ఒక పక్క పెట్టెలు దిగుతుంటాయి, ఇంకో పక్క ఇంధనం ఎక్కుతుంటుంది. మొత్తం 25, 30 నిమిషాల్లో విమానం మళ్లీ కదులుతుంది. మామూలు ఎయిర్‌లైన్ గంట తీసుకునే చోట వీళ్లకు అరగంట మిగిలింది. రోజుకు అలాంటివి ఆరు ఆగడాలుంటే మూడు గంటలు. ఆ మూడు గంటల్లో అదే విమానం విజయవాడ వెళ్లి వచ్చేస్తుంది. లీజు అద్దె పైసా పెరగదు, అమ్ముకోవడానికి ఇంకో 370 సీట్లు చేతికొస్తాయి. బడ్జెట్ ఎయిర్‌లైన్ కిటుకు ఇదే. ఉప్మాకి డబ్బులు తీసుకోవడం పైపై సంపాదన.

దీన్ని పది గంటల ప్రయాణానికి తెచ్చి పెట్టండి. షేర్ ఆటోవాడు జనాన్ని ఎంత గబగబా దించి ఎక్కించుకుంటే అన్ని ట్రిప్పులు పడతాయి. మడివాళలో రాత్రి తొమ్మిదింటికి బయల్దేరే విజయవాడ స్లీపర్ బస్సు ఎంత హడావుడి పడినా రాత్రికి ఒక్కటే ట్రిప్పు. పది నిమిషాల్లో జనాన్ని ఎక్కించినా, గంట తీసుకున్నా తెల్లారేసరికి బెంజి సర్కిల్ దగ్గర తేలేది ఒకసారే. దూరపు విమానం కూడా అంతే. పెద్ద ఎయిర్‌లైన్లు తమ పెద్ద విమానాలను ఎలాగూ రోజుకు పద్నాలుగు, పదిహేను గంటలు గాలిలోనే ఉంచుతాయి. నేల మీద గంట మిగిల్చినా ఆ గంటలో మాంచెస్టర్‌కి ఇంకో ట్రిప్పు పట్టదు. అంటే దగ్గరి దారుల్లో పనికొచ్చిన ఆయుధం ఇక్కడ మొద్దుబారిపోతుంది.

పైగా కొత్త ఖర్చులు మొదలవుతాయి. దూరాలకు వాడే బోయింగ్ 787 విమానం గంటకు సుమారు 5 టన్నుల ఇంధనం తాగుతుంది. పైన ఎవరి పేరు రాసుందో ఇంజిన్‌కు తెలియదు. పైలట్లు ఇద్దరు చాలరు, వాళ్లకు లోపల పడుకునే చోటు కావాలి, దిగిన ఊళ్లో హోటల్ గదులు కావాలి. దేశంలో తిరిగే విమానంలో సిబ్బంది చాలామంది రాత్రికి ఇంటికో, తమ సొంత బేస్‌కో చేరిపోతారు. డ్యూటీ గంటల నిబంధనలు ఎంత ముఖ్యమో 2025 డిసెంబర్ మొదటి వారంలో మనందరికీ అర్థమైంది కదా. పైలట్ల విశ్రాంతి నియమాలు మారేసరికి ఇండిగో వేల సంఖ్యలో ఫ్లైట్లు రద్దు చేయాల్సి వచ్చింది. బెంగళూరు టెర్మినల్‌లో సూట్‌కేసుల గుట్టల ఫొటోలు ఇంకా కళ్ల ముందున్నాయి. అవి గంటా రెండు గంటల ఫ్లైట్లు. మర్నాడు ఇంకోటి ఉంటుంది, లేదంటే బస్సో రైలో ఉంటుంది. మాంచెస్టర్‌కి మడివాళ నుంచి బస్సు లేదు.

మరి చవక ఎక్కణ్నుంచి వస్తుంది? ఒకటి, సీట్ల నుంచి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన 787-9లో 216 సీట్లు పెట్టింది. అదే మోడల్ విమానంలో నార్స్ అట్లాంటిక్ అనే నార్వే కంపెనీ 338 పెట్టింది. మలేసియా వాళ్ల ఎయిర్ ఏషియా ఎక్స్ ఏ330లో 377. ఆ విమానంలో మామూలుగా వరసకు 2-4-2 చొప్పున ఎనిమిది సీట్లు ఉంటాయి, వీళ్లు 3-3-3 చేసి తొమ్మిది ఇరికించారు. నడుము నొప్పి ఉన్నవాళ్లకు తేడా నాలుగో గంటలో తెలుస్తుంది. ఒకే ఇంధనం ఖర్చును 216 మందికి పంచడానికీ, 338 మందికి పంచడానికీ తేడా ఉంటుంది. అందులో తప్పేమీ లేదు, అది నిజాయితీ గల పొదుపు.

రెండోది బయటికి కనపడని పొదుపు. మీకు చెప్పాలనుకున్నది ఇదే.

నేను చెన్నైలో ఉన్న రోజుల్లో ఒక విదేశీ బడ్జెట్ ఎయిర్‌లైన్‌కి మేం కౌంటర్ పని చేసేవాళ్లం. పేరు వద్దు. వారానికి రెండు ఫ్లైట్లు. ఒక రాత్రి పదకొండున్నరకు అందరూ ఎక్కి కూర్చున్నాక హైడ్రాలిక్స్‌లో లీకు బయటపడింది. కావాల్సిన భాగం చెన్నైలో లేదు, వాళ్ల ఊరి నుంచి వేరే ఎయిర్‌లైన్ కడుపులో వేసుకుని రావాలి. అర్ధరాత్రి దాటాక అందర్నీ దించేశారు. వాళ్లలో నెల్లూరు పక్క పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. కూతురికి పురుడు పోయడానికి మొదటిసారి విమానం ఎక్కింది. ఒళ్లో స్టీలు టిఫిన్ డబ్బా, దానికి తువ్వాలు కట్టి ఉంది, వీల్‌చెయిర్‌లో కూర్చోబెడితే డబ్బా మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. నేను పద్ధతి ప్రకారం క్షమాపణ చెప్పి, హోటల్ కూపన్ చేతిలో పెట్టాను. ఆవిడ కూపన్ వంక చూడలేదు. "ఇంకో యిమానం లేదా నాయనా మీకాడ?" అంది.

లేదు. ఆ కంపెనీకి ఆ రకం విమానాలు నాలుగో ఐదో ఉండేవి, అన్నీ ఎక్కడో ఒకచోట ఎగురుతూనే ఉన్నాయి. ఒక్కటి కూడా ఊరికే నిలబెట్టలేదు. ఊరికే నిలబెట్టిన విమానం నెలకు కోట్లు తింటుంది, ఆ కోట్లు టికెట్‌లో కలపాలి. వాళ్లు కలపలేదు, అందుకే టికెట్ చవక. ఆవిడ మూడో రోజు రాత్రి వెళ్లింది. మనవడు అప్పటికే పుట్టేశాడని అల్లుడు ఫోన్ చేసి చెప్పాడట. హోటల్లో పనిచేసే కుర్రాడు నాకు చెప్పాడు.

ఆ తర్వాత ప్లానింగ్‌లోకి మారినప్పుడు ప్రతి కొత్త రూటు కాగితం మీదా నేను మొదట వెతికేది ఆవిడ అడిగిన ప్రశ్నకే జవాబు. రోజూ ఉండే ఫ్లైట్ రద్దయితే మీ ఆలస్యం ఒక రోజు. వారానికి మూడుంటే రెండు మూడు రోజులు, అదీ తర్వాతి దాంట్లో సీట్లు ఖాళీ ఉంటే. 338 సీట్ల విమానం రద్దయితే 338 మందీ రేపటి ఖాళీల మీద పడతారు. పెద్ద ఎయిర్‌లైన్లకు పక్క కంపెనీలతో ఒప్పందాలుంటాయి, మీ టికెట్‌ను వాళ్లకు బదిలీ చేసి పంపేస్తారు. చాలా బడ్జెట్ కంపెనీలకు ఆ ఏర్పాటు ఉండదు.

ఈ లెక్క తప్పి మునిగినవాళ్ల చరిత్ర పెద్దదే. ఫ్రెడ్డీ లేకర్ అనే ఇంగ్లండ్ ఆయన 1977లో స్కైట్రైన్ పేరుతో లండన్ నుంచి న్యూయార్క్‌కి 59 పౌండ్లకే జనాన్ని తీసుకెళ్లాడు, 1982 ఫిబ్రవరిలో దివాలా. ఎయిర్ ఏషియా ఎక్స్ 2009లో కౌలాలంపూర్ నుంచి లండన్‌కి నాలుగు ఇంజిన్ల ఏ340 వేసి 2012లో మానేసింది. ఐస్‌లాండ్ వాళ్ల వావ్ ఎయిర్ 2019 మార్చిలో ఒక్క పొద్దున మూతపడింది. నార్వేజియన్ అనే నార్వే బడ్జెట్ ఎయిర్‌లైన్ కథ మరీ దగ్గరిది. 2013లో దూరపు రూట్లు మొదలుపెట్టారు, కొన్నవన్నీ కొత్త 787లు. వాటి రోల్స్ రాయిస్ ఇంజిన్లలో లోపాలు బయటపడి విమానాలు షెడ్డుకెక్కాయి, చేతిలో అదనపు విమానం లేదు. 2018లో లండన్–న్యూయార్క్ నడపడానికి ఏకంగా ఒక ఏ380ని సిబ్బందితో సహా అద్దెకు తెచ్చుకున్నారు! చవక కంపెనీ ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రయాణికుల విమానాన్ని అద్దెకు తీసుకుందంటే లోపల పరిస్థితి ఏమిటో ఊహించుకోండి. 2021 జనవరిలో దూరపు రూట్లన్నీ ఎత్తేశారు.

నిలబడినవాళ్లూ ఉన్నారు. స్కూట్ వెనక సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఉంది, జెట్‌స్టార్ వెనక క్వాంటస్, జిప్ఎయిర్ వెనక జపాన్ ఎయిర్‌లైన్స్. ఇంట్లో సంపాదించే అన్నయ్య ఉంటే తమ్ముడు షాపు పెట్టుకున్నట్టు.

బెంగళూరు వాళ్లకు ఇంకో ముచ్చట గుర్తుండాలి. అప్పట్లో మన ఎయిర్‌లైన్ విదేశాలకు ఎగరాలంటే ఐదేళ్ల అనుభవం, 20 విమానాలు ఉండాలనే నిబంధన ఉండేది. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్‌కి ఐదేళ్లు నిండలేదు. 2003లో ఇక్కడే పుట్టిన చవక కంపెనీ ఎయిర్ డెక్కన్‌ను కలిపేసుకుంటే ఆ వయసు కలిసొచ్చింది. 2008 సెప్టెంబర్‌లో బెంగళూరు నుంచి లండన్‌కి నేరు విమానం ఎగిరింది. సామాన్యుడి కోసం పుట్టిన కంపెనీ వయసు పెట్టుబడిగా పెట్టి ఖరీదైన విమానం లండన్ వెళ్లిందన్నమాట. 2012 కల్లా రెండూ లేవు. ఆ నిబంధనను 2016లో సడలించారు, ఐదేళ్ల షరతు తీసేశారు.

ఇక మీ రెండో ప్రశ్న, రేట్లు నిలుస్తాయా అని. ఇండిగో 2025 జూలైలో ముంబై నుంచి మాంచెస్టర్, ఆమ్‌స్టర్‌డామ్ మొదలుపెట్టింది, మొదట్లో వారానికి మూడేసి చొప్పున. ఆ విమానాలు సొంతవి కావు, పైన చెప్పిన నార్స్ దగ్గర డ్యాంప్ లీజుకు తెచ్చినవి. డ్యాంప్ లీజంటే కారుతో పాటు డ్రైవర్నీ అద్దెకు తీసుకోవడం లాంటిది. విమానం, పైలట్లు, మరమ్మతులు వాళ్లవి. సొంతానికి ఏ350-900 అనే పెద్ద విమానాలు 2024లో 30 ఆర్డర్ చేసి, 2025లో ఇంకో 30 కలిపారు. అవి చేతికొచ్చేదాకా ఇది ఒకరకంగా రిహార్సల్. నా అంచనా ఏమిటంటే, రేట్లు ఇంత తక్కువగా ఎల్లకాలం ఉండవు గానీ, కంపెనీ మాత్రం ఈ దారి వదలదు. కారణం, దీనికి వేరే అన్నయ్య అక్కర్లేదు, తనకు తానే అన్నయ్య. 400 పైచిలుకు విమానాలతో దేశమంతా తిరుగుతోంది. విజయవాడ, రాజమండ్రి, తిరుపతి లాంటి ఊళ్ల నుంచి జనాన్ని తెచ్చి ముంబైలో పెద్ద విమానం నింపుకోవచ్చు. నార్వేజియన్‌కి ఇంత పెద్ద సొంత దేశం లేదు. గమనించారా, ఈ దూరపు ఫ్లైట్లలో వేడి భోజనం టికెట్‌లోనే ఇస్తామన్నారు. స్ట్రెచ్ పేరుతో బిజినెస్ క్లాస్ లాంటిది పెట్టారు, పాయింట్ల పథకం పెట్టారు. అంటే దూరం వెళ్లేకొద్దీ బడ్జెట్ కంపెనీ మెల్లగా మామూలు కంపెనీ అయిపోతోంది. నా దృష్టిలో అది మంచి సూచనే. మొండిగా షేర్ ఆటో లెక్కతోనే లండన్ వెళ్తామన్నవాళ్లే మునిగారు.

పెద్ద విమానం కడుపులో ఇంకో ఆదాయం ఉంది, బయటివాళ్లు పట్టించుకోరు. ఫిబ్రవరి మొదటి వారం దేవనహళ్లి కార్గో వైపు వెళ్తే గులాబీల వాసన వస్తుంది. వాలెంటైన్స్ డేకి చుట్టుపక్కల తోటల పూలు పెట్టెలకు పెట్టెలు విదేశాలకు వెళ్తాయి. పైన మన మామయ్యలు అత్తయ్యలు, కింద గులాబీలు. కింద సరుకు నిండితే పైన టికెట్ కొంచెం తగ్గించినా కిట్టుబాటవుతుంది. బెంగళూరుకు నేరు ఫ్లైట్ వస్తుందని నేను నమ్మడానికి ఇదొక కారణం, ఐటీ వాళ్ల ప్రయాణాలు ఎలాగూ ఉన్నాయి.

ఎప్పుడంటే తేదీ చెప్పలేను గానీ ఏది వచ్చాక కుదురుతుందో చెప్పగలను. ఏ321 ఎక్స్‌ఎల్‌ఆర్ అనే సన్నపాటి విమానం కాగితం మీద 8,700 కిలోమీటర్లు ఎగురుతుంది. ముంబై, ఢిల్లీ నుంచి ఏథెన్స్‌కి ఇండిగో అదే వాడింది. బెంగళూరు–లండన్ సరళరేఖలో దాదాపు 8,000. సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ వెళ్లేటప్పుడు గాలి ఎదురు, పైగా మూసేసిన గగనతలాలు చుట్టి పోవాలి. నిండా జనంతో, సామానుతో అది సాహసమే. కాబట్టి మనకు ఏ350లే దిక్కు. అవి వచ్చినా మొదటి వాటా ముంబై, ఢిల్లీలదే. లండన్ హీత్రో ఎయిర్‌పోర్టులో దిగాలంటే స్లాట్లు, అంటే దిగడానికి, ఎగరడానికి కేటాయించే టైములు, దొరకడం ఇంకో తలనొప్పి. 2016లో ఒమన్ ఎయిర్ ఒక జత స్లాట్లకు ఏడున్నర కోట్ల డాలర్లు పెట్టిందని అప్పట్లో పత్రికలు రాశాయి. అందుకే బడ్జెట్ వాళ్లు మాంచెస్టర్ లాంటి ఊళ్లు వెతుక్కుంటారు. మీ చెల్లెలు అక్కడే ఉండటం మీ అదృష్టం.

సరే, అమ్మగారు నాన్నగారి సంగతి. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు నా సలహా వేరువేరు.

వెళ్లేటప్పుడు పది రోజుల ముందే అంటే ఈ ఫ్లైట్ వద్దు. కాన్పు తేదీకి వారం అటూఇటూ మామూలే. ఒక్క రద్దు పడితే మీ పది రోజుల్లో మూడు పోతాయి. రోజూ ఉండే పెద్ద ఎయిర్‌లైన్‌కి ఇద్దరికి 34 వేలు ఎక్కువ పెట్టండి, ఆ డబ్బు రేపటి విమానం కోసం కడుతున్నారనుకోండి. మూడు, నాలుగు వారాల ముందే పంపగలిగితే మాత్రం బడ్జెట్ ఫ్లైట్ నిక్షేపంగా ఎక్కించవచ్చు. గల్ఫ్‌లో భాష రాని చోట గేటు వెతుక్కోవడం కన్నా ముంబైలో మారడం వాళ్లకు సులువు కూడా. అలా అయితే మూడు విషయాలు చూడండి. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్ మీద ఉండాలి. బెంగళూరు–ముంబై విడిగా కొని, ముంబై–మాంచెస్టర్ విడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరికీ బాధ్యత లేదు. ముంబైలో దిగేది రెండో టెర్మినల్‌లోనేనా చూడండి. దేశీయ ఫ్లైట్లు కొన్ని ఒకటో టెర్మినల్‌కి వస్తాయి, అక్కణ్నుంచి రోడ్డు మీద మారాలి. వీల్‌చెయిర్ బుకింగ్‌లోనే పెట్టండి, నడవగలరు అని మొహమాటపడకండి.

తిరిగి వచ్చేటప్పుడు తొందరేమీ ఉండదు, అప్పుడు బడ్జెట్ ఫ్లైట్ హాయిగా తీసుకోండి. దీనికి చట్టం కూడా మీ వైపు ఉంది. బ్రిటన్ నుంచి బయల్దేరే ఏ ఎయిర్‌లైన్‌కైనా, అది మనదైనా, అక్కడి నిబంధన వర్తిస్తుంది. 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో 4 గంటలకు మించి ఆలస్యంగా చేరిస్తే మనిషికి 520 పౌండ్లు. వాతావరణం లాంటి కారణాలకు మినహాయింపు ఉంటుంది, విమానం పాడైందనే సాకు సాధారణంగా చెల్లదు. ఇక్కణ్నుంచి వెళ్లేటప్పుడు మన ఎయిర్‌లైన్ ముందు చెప్పకుండా రద్దు చేస్తే మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రూలు ప్రకారం వచ్చేది గరిష్ఠంగా 10,000 రూపాయలు. ఒకే విమానం, ఒకే సీటు, దిక్కు మారితే హక్కు మారుతుంది.

ఆ 17 వేల తేడా కూడా మళ్లీ లెక్కేయండి. రెండు టికెట్లలోనూ చెకిన్ సామాను ఎన్ని కిలోలో పక్కపక్కన రాయండి. పురిటికి వెళ్లే అమ్మ సూట్‌కేసు ఎప్పుడూ చెప్పిన బరువులో ఉండదు. కౌంటర్ దగ్గర అదనపు కిలోలకు కట్టేది ముందే యాప్‌లో కొనేదానికన్నా చాలా ఎక్కువ. ఆవకాయ, కారప్పొడులు చెకిన్‌లోనే, మూతకు టేపు వేసి, రెండు కవర్లలో పెట్టండి. నెయ్యి, పాలకోవా పెట్టకండి, పాల పదార్థాలను మన దగ్గర్నుంచి బ్రిటన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. పెట్టె రాకపోతే ఎయిర్‌పోర్టు దాటకముందే కౌంటర్‌లో ఫిర్యాదు కాగితం రాయించుకోవాలి. మాంట్రియల్ ఒప్పందం అనే అంతర్జాతీయ విమాన ప్రయాణాల ఒడంబడిక ప్రకారం సామాను పోతే మనిషికి 1,519 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క యూనిట్) దాకా అడగొచ్చు, మన డబ్బులో లక్షన్నర పైనే. పెట్టె పగిలితే 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే అందిన 21 రోజుల్లో రాసివ్వాలి.

ఇంకొక్కటి. పీఎన్‌ఆర్, మీ చెల్లెలి అడ్రసు, మీ ఇద్దరి ఫోన్ నంబర్లు ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి నాన్నగారి చొక్కా జేబులో పెట్టండి. దాని వెనక వైపు తెలుగులో "ముంబైలో దిగగానే ఎవర్నీ నమ్మి సామాను ఇవ్వొద్దు, వీల్‌చెయిర్ అబ్బాయిని మాత్రం వదలొద్దు" అని రాయండి. అమ్మగారికి ఆ వెనక వైపే పనికొస్తుంది.